బస్తా గుచ్చే ముందు అడగాలి

హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో సరుకు మాట మీద అమ్ముడుపోదు. కందులైనా, పెసలైనా, పల్లీలైనా బస్తా దిగగానే పక్క నుంచి మొన ఉన్న ఇనుప గొట్టం గుచ్చుతారు. లోపలి గింజ అరచేతిలోకి జారుతుంది. పైన మేలు గింజ, అడుగున పుచ్చు గింజ పోసినవాడి బండారం అక్కడే బయటపడుతుంది. అడ్తి దుకాణంలో గుమస్తాగా జుట్టు నెరిసినవాణ్ణి, ఆ గొట్టం లేకుండా బజారు నడవదని నాకు తెలుసు. అయితే దానికీ ఒక మర్యాద ఉంది. బస్తా ఎవరిదో ఆయన ఎదురుగా ఉండగానే గుచ్చాలి. వచ్చిన గింజ ఆయనకూ చూపించాలి. తేమ ఎంతో, తరుగు ఎంతో ఆయన వినేలా చెప్పాలి. ధర కుదరకపోతే మూటలు మళ్లీ బండికి ఎత్తుకుని వెళ్లిపోతాడు. ‘చిల్లు పెట్టాను కాబట్టి ఇక బస్తా నాదే’ అన్న సేటును నేను ఇంతవరకూ చూడలేదు.

భూమికి చిల్లు పెట్టేవాళ్లకు ఈ మర్యాద ఎందుకు వర్తించదన్నదే నా ప్రశ్న.

మాది అచ్చంపేట దగ్గరి పల్లె. అక్కడి నుంచి పైకి పోతే మన్ననూరు, ఆ పైన నల్లమలలోని అమ్రాబాద్ గుట్టలు, పెంటలనే చెంచు గూడేలు, శ్రీశైలం దారి. 2019లో ఏదో పని మీద పట్నం వచ్చిన మా చిన్నాయన ఇమ్లీబన్‌లో బస్సు దిగి నేరుగా దుకాణానికి వచ్చాడు. చాయ్ తాగుతూ అడిగాడు: ‘‘మన దిక్కు భూమిల ఏదో ఉన్నదంటున్నరు బిడ్డా. ఉంటే ముందుగాల మనకు చెప్పాల్నా, ఢిల్లీకి చెప్పాల్నా?’’ పక్కనే ఉన్న మా సేటు నవ్వి, ‘‘పెద్దాయనా, అది సర్వేనే. తవ్వకం కాదు. భయపడకు’’ అన్నాడు. చిన్నాయన ఊరుకోలేదు. ‘‘సర్వే చేసేది తవ్వనీకి కాదా సేటూ? అమ్మనోని బస్తా నువ్వు గుచ్చి చూస్తవా?’’

ఆ ఏడాది మే 22న కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖలోని అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 83 చదరపు కిలోమీటర్లలో 4,000 బోర్లు వేయాలన్నది ప్రతిపాదన. గుమస్తా బుర్ర కదా, లెక్క కట్టకుండా ఉండలేదు. సగటున ఐదెకరాలకో బోరు పడుతుంది. దాన్ని కూడా ‘సర్వే మాత్రమే’ అన్నారు. ఆ మాట వినగానే పట్నంలో ఉన్న మనకు గొలుసు, టేపు పట్టుకుని హద్దురాళ్లు వెతికే ఇద్దరు మనుషులు కళ్లముందు మెదులుతారు. ఖనిజ సర్వే అలా ఉండదు.

అది ఎలా ఉంటుందో తెలుసుకుంటే తప్ప ఈ తగువు అర్థం కాదు. ముందు హెలికాప్టర్‌కు పరికరాలు కట్టి తక్కువ ఎత్తులో ఎగురుతారు. నేల నుంచి వచ్చే గామా కిరణాలను అవి పసిగడతాయి. ఎక్కడ ఎక్కువ పలికిందో అక్కడికి జీపుల్లో వస్తారు, తరువాత కాలినడకన చేతిలో మీటరు పట్టుకుని తిరుగుతారు. రాయి, మట్టి, బావుల్లో నీరు సీసాల్లోకి, సంచుల్లోకి ఎత్తుకుంటారు. ఇంతవరకూ ఎవరికీ పెద్ద నష్టం లేదు. ఆ తరువాత రిగ్గులు వస్తాయి. రిగ్గు రావాలంటే బాట కావాలి. బాటకు అడ్డమున్న చెట్లు పోవాలి. మనుషులకు గుడారాలు, ఇంజనుకు డీజిలు, బోరుకు నీళ్లు కావాలి. వందల అడుగుల లోతు నుంచి రాతిని గుండ్రటి కడ్డీలుగా బయటికి తీసి, వరస తప్పకుండా పెట్టెల్లో సర్దుతారు. బోరులోకి మళ్లీ మీటరు దించి ఏ లోతులో ఎంత ఉందో రాసుకుంటారు. మొదట దూరదూరంగా గుచ్చుతారు. ఏదైనా తగిలితే బోరుకూ బోరుకూ మధ్య దూరం తగ్గించుకుంటూ పోతారు. అలా దగ్గరగా గుచ్చితే తప్ప ఇన్ని టన్నులు ఉందని గట్టిగా చెప్పలేరు.

ఈ పని చేసే సంస్థ మనకు దూరపుది కాదు. అణు ఖనిజ అన్వేషణ, పరిశోధన సంచాలనాలయం ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది. అందరూ ఏఎండీ అంటారు. 1949లో అరుదైన ఖనిజాల కోసం డి.ఎన్. వాడియా పెద్దరికంలో చిన్న విభాగంగా మొదలై, 1974లో హైదరాబాద్ చేరింది. యురేనియంతో ఇంధన కడ్డీలు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. అటవీ శాఖ అరణ్య భవన్ సైఫాబాద్‌లో, శాసనసభ నాంపల్లిలో. అంటే నల్లమల గురించి రాసే కాగితాల్లో చాలా భాగం ఉస్మాన్‌గంజ్ నుంచి ఆటోలో పోయేంత దూరంలోనే తిరుగుతాయి. ఆ కాగితంలో ఏముందో తెలియాల్సిన చెంచు మాత్రం పెంట దిగి, మన్ననూరు చేరి, బస్సెక్కి వచ్చినా ఏ గేటు దగ్గర ఎవర్ని అడగాలో తెలియదు.

ఆ శాస్త్రజ్ఞుల పని మీద నాకు చిన్నచూపు లేదు. కాలి కింద ఏముందో తెలుసుకోని దేశం గుడ్డిది. 1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు గుర్తించకపోతే సింగరేణి లేదు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. తరతరాల కార్మిక కుటుంబాలు దాని మీద బతికాయి, మన దుకాణాల బల్బులు దాని వల్ల వెలిగాయి. సర్వే పాపమని నేనెలా అంటాను? అయితే అదే కథ ఇంకో సంగతి కూడా చెబుతుంది. సరుకు దొరికిన సర్వే సర్వేగా ఆగదు. పదిహేనేళ్లు పట్టవచ్చు, యాభై ఏళ్లు పట్టవచ్చు, లెక్క తేలిన టన్నుల కోసం ఎవరో ఒకరు వస్తారు. ‘సర్వే వేరు, తవ్వకం వేరు’ అన్నది ఫైళ్ల వరకే నిజం.

దీనికి నల్గొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు సాక్ష్యం. 1990ల తొలినాళ్లలో అక్కడ నాగార్జునసాగర్ జలాశయం అంచున ఏఎండీ యురేనియం నిల్వలు కనిపెట్టింది. సుమారు పదేళ్లకు యురేనియం కార్పొరేషన్ తవ్వకానికి వచ్చింది. 2003 ఆగస్టు 19న బహిరంగ విచారణ పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల జనం, తండాల జనం వచ్చి వద్దన్నారు. ఆ గని ఈనాటికీ తెరుచుకోలేదు. దానితో మీకేం సంబంధమని నన్నడిగేవాళ్లకు ఒక మాట. 2004 నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు వస్తున్నది ఆ సాగర్ నుంచే. ఉస్మాన్‌గంజ్ హమాలీ మధ్యాహ్నం దాహానికి దోసిలి పట్టే నీటికీ ఆ గుట్టకూ చుట్టరికం ఉంది. ఆ రోజు మైకు ముందు నిలబడి వద్దన్నది ఆ పల్లెల జనం, లాభపడింది మనం కూడా.

తవ్వకం జరిగితే ఏమవుతుందో చూడాలంటే కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె పోవాలి. 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి మొదలు. మధ్యలో 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ 49,000 టన్నులు ఉన్నట్టు తేలిందని, అది మూడింతలు కావచ్చని ప్రకటించారు. దేశమంతా సంబరపడింది. పత్రికల్లో టన్నులు పెద్దక్షరాల్లో వచ్చాయి గానీ, అక్కడి రాయి ఎంత పలచనిదో చాలామంది గమనించలేదు. టన్ను రాయిని పిండి చేస్తే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలినదంతా వ్యర్థపు బురదగా చెరువులోకి పోతుంది. యురేనియం తీసేశాక కూడా రేడియం లాంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. తమ బోర్లలో నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఆ చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. అది తమ వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ అంటూ వస్తోంది.

ఈ తగువు తేలకపోవడానికి కారణం నాకు బజారు లెక్కలోనే కనిపిస్తుంది. సరుకు దిగినప్పుడు కాంటా వేయకుండా, అమ్మాక ఎంత తగ్గిందని కొట్లాడితే ఎవరు తీరుస్తారు? యురేనియం ఉన్న రాతి నేలల్లో బావి నీటిలో కొంత యురేనియం ముందు నుంచీ ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటొద్దంటుంది. పని మొదలుకాక ముందు ఏ బావిలో ఎంత ఉందో ఊరి చేతిలో కాగితం ఉంటే, తరువాత ఎంత పెరిగిందో, పెరగలేదో పసిపిల్లవాడైనా చెబుతాడు. విచిత్రమేమంటే, సర్వేలో మొదట చేసే పనుల్లో ఒకటి ఊరి బావుల నీటిని పరీక్షించడమే. ఆ అంకె వాళ్లకు ఖనిజం జాడ. ఆ నీళ్లు తాగేవాళ్లకు అది ప్రాణం సంగతి. సీసా నింపుకుపోయినప్పుడే ఆ ఫలితం తెలుగులో రాసి ఊరికి పంపడం తప్పనిసరి చేస్తే ఖర్చు ఎంతవుతుంది? తపాలా బిళ్ల ఖర్చు.

అణు ఖనిజం దేశ రక్షణకు సంబంధించినది, రహస్యం ఉండాలని కొందరంటారు. బాంబు సంగతి రహస్యం, ఒప్పుకుంటాను. కానీ ఏ రాష్ట్రంలో ఎన్ని టన్నుల యురేనియం ఉందో కేంద్రం పార్లమెంటులోనే చెబుతుంది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ నిల్వలున్నది ఆంధ్రప్రదేశ్‌లోనని ఎవరైనా చదువుకోవచ్చు. పార్లమెంటుకు చెప్పిన అంకె పంచాయతీకి చెబితే ఏ శత్రువుకు లాభం? పైగా చాలా చోట్ల సర్వే చేశాక ఏమీ దొరకదు, లేదా తవ్వితే గిట్టుబాటు కాదని తేలుతుంది. ఆ మాట కూడా ఊరికి చేరాలి. మా వైపు 2019 తరువాత ‘ఆ నేల కింద యురేనియం ఉందట’ అన్న ఒక్క మాటతో పొలం బేరాలు మధ్యలో ఆగాయి. బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్ముదామనుకున్నవాడికి కొనేవాడు రాలేదు. అడవిలో ఒక్క బోరు పడకముందే వదంతి ఊళ్లో తన పని చేసింది. ప్రభుత్వం మాట్లాడని చోట వదంతే మాట్లాడుతుంది.

దేశానికి కరెంటు వద్దా అని కూడా అడుగుతారు. 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్తు లక్ష్యమని 2025 బడ్జెట్లో ప్రకటించారు. బొగ్గు పొగ తగ్గాలంటే అణు విద్యుత్తు కావాలని వాదించే పెద్దలున్నారు, వాళ్ల మాటలో పస ఉంది. దానికి జవాబు చెప్పేంత చదువు నాది కాదు. నేను అడిగేది అంతకంటే చిన్నది. దేశానికి కావాలంటే దేశం అడగాలి. అడిగితే కాదంటారని భయపడి అడగకపోవడం వ్యాపారం కాదు, దొంగతనం.

2019లో నల్లమల కాదన్నది. చెంచులు, రైతులు, విద్యార్థులు, సినిమా వాళ్లు, అన్ని పార్టీల నాయకులు కలిసి గొంతెత్తారు. సెప్టెంబర్ 16న నాంపల్లి శాసనసభలో అప్పటి మంత్రి కె.టి. రామారావు తీర్మానం పెట్టగా సభ ఏకగ్రీవంగా ఆమోదించింది, యురేనియం ప్రయత్నాలు మానుకోవాలని కేంద్రాన్ని కోరింది. ఆ రోజు మా గంజ్‌లో కూడా అచ్చంపేట, కల్వకుర్తి వైపు హమాలీలు మిఠాయి పంచుకున్నారు. కానీ ఒక సంగతి మరవకూడదు. అదే సర్వేకు 2016లో రాష్ట్ర వన్యప్రాణి మండలే సిఫారసు చేసింది. అవునన్నది రాష్ట్రమే, మూడేళ్లకు వద్దన్నదీ రాష్ట్రమే. మధ్యలో పెంటల్లో గ్రామసభ పెట్టి అడిగి ఉంటే రెండు మాటలు ఆడాల్సిన అవసరం వచ్చేది కాదు.

పాఠం నేర్చుకున్నామా? 2024 చివర్లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్లలో అదే కథ. అక్కడి రక్షిత అటవీ ప్రాంతంలో 68 బోర్లు వేయాలన్న సంగతి ఊళ్లకు తెలిసే సరికి జనం రోడ్డెక్కారు. చివరికి బోర్లు వేయబోమని అధికారులు చెప్పాల్సి వచ్చింది. ముందు రహస్యం, తరువాత వదంతి, ఆపైన రాస్తారోకో, చివర్లో ‘ఆపేశాం’ అన్న ప్రకటన. ఇందులో శాస్త్రానికి గెలుపు లేదు, జనానికి నిశ్చింత లేదు. రేపు ఇంకో కలెక్టర్ వస్తే ఫైలు మళ్లీ లేస్తుందన్న భయం అలాగే ఉంటుంది.

ఇక ఈ సంగతి చాలామందికి తెలియదు, అందుకే ఈ వ్యాసం. 2003లో పెద్దగట్టు జనం వద్దని చెప్పగలిగారంటే బహిరంగ విచారణ అనే వేదిక ఉండబట్టే. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఫైలు ఢిల్లీలోనే తేలిపోతుంది. అంతకుముందు 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరిస్తూ, ఖనిజాల సర్వేను ‘అటవీయేతర పని’గా చూడనక్కర్లేదని చెప్పే అధికారం కేంద్రానికి ఇచ్చారు. రెండూ కలిపి చదవండి. సర్వే దశలో ‘ఇది తవ్వకం కాదు కదా, మిమ్మల్ని ఎందుకు అడగాలి’ అంటారు. తవ్వకం దశకు వచ్చేసరికి ‘అడగాలన్న నియమం తీసేశాం’ అంటారు. మరి ఊరు మాట్లాడాల్సింది ఎప్పుడు?

అందుకే ఇప్పుడు సర్వే దశ ఒక్కటే మిగిలింది. మొదటి బోరు వేయక ముందే గ్రామసభ జరగాలి. ఎన్ని బోర్లు, ఎక్కడెక్కడ, ఎంత లోతు, రిగ్గు ఏ బాటన వస్తుంది, ఎన్ని చెట్లు పోతాయి అన్నది తెలుగులో, అక్కడి మనిషికి అర్థమయ్యే మాటల్లో ముందుపెట్టాలి. బావుల నీటి లెక్క ఊరికివ్వాలి. పని ముగిశాక బోర్లన్నీ పూడ్చినట్టు పంచాయతీ చూసి సంతకం చేయాలి. దొరికింది ఏమిటో, దొరకనిది ఏమిటో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం, గ్రామసభ కాదంటే ఆ మాటకు విలువుండాలి. ఇది గాలిలో కోరిక కాదు. ఒడిశా నియమగిరిలో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు గ్రామసభలు జరిగాయి, పన్నెండూ వద్దన్నాయి. దేశం కూలిపోలేదు.

అణు ఖనిజాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో ఉన్నాయని, మా చేతిలో ఏమీ లేదని రాష్ట్ర నాయకులు అంటుంటారు. ఖనిజం కేంద్రానిదే కావచ్చు. అడవిని కాపాడేది రాష్ట్ర అటవీ శాఖ, బాటకు గేటు తీసేది దాని ఉద్యోగి. పెంటలో గ్రామసభ పెట్టించగలిగేది రాష్ట్ర ప్రభుత్వం. 2019 తీర్మానం ఒక అడవి గురించి, ఒక ఖనిజం గురించి. ఈ ఆరేడేళ్లలో లిథియం, అరుదైన మూలకాలు అంటూ వెతకాల్సిన ఖనిజాల పట్టీ పెరిగిపోయింది. 2025 జనవరిలో మొదలైన కీలక ఖనిజాల జాతీయ మిషన్ కింద భూగర్భ సర్వే సంస్థ 2030-31 లోగా 1,200 అన్వేషణ పనులు చేపట్టాలి. వాటిలో మన రెండు రాష్ట్రాల పల్లెలు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. ప్రతి ఊరికీ సినిమా తారలు గొంతు కలపరు. ప్రతి గుట్టకూ ఏకగ్రీవ తీర్మానం రాదు.

నాంపల్లిలోనూ, అమరావతిలోనూ కూర్చునే సభ్యులు ఒక్క మాట మీద నిలబడితే చాలు. గ్రామసభ సమ్మతి పత్రం జత చేయని ఏ ఖనిజ సర్వే ప్రతిపాదననూ రాష్ట్ర అటవీ, రెవెన్యూ శాఖలు ముందుకు పంపరాదని ఉత్తర్వు ఇవ్వండి. దానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. రాబోయే శాసనసభ సమావేశాల్లో మా అచ్చంపేట, పెద్దగట్టు ఉన్న దేవరకొండ ఎమ్మెల్యేలు లేచి ఈ మాట అడగాలి. అడగకపోతే, ఎందుకు అడగలేదని ఊరికొచ్చినప్పుడు మేమే అడుగుతాం.